గడప దాటమన్న అక్క

మొదటి దెబ్బకు టీవీ పగిలింది. రెండో దెబ్బకు అద్దాల అలమర. ఇప్పుడా ఇనుప రాడ్ మూడోసారి లేచి గాలిలోనే ఆగి ఉంది.

"చెప్పుండ్రి. అరుణజ్యోతి ఎవరు?"

అడుగుతున్నవాడు అభిరామ్. ఎల్బీనగర్‌లో కార్లకు సీటు కవర్లు కుట్టించే దుకాణం వాడిది. చేతిలో ఉన్నది ఆ దుకాణం షట్టర్ కిందికి లాగే కొక్కెం రాడ్. సరూర్‌నగర్‌లో ఈ ఇంటి ఆచూకీ వాడికెవరూ చెప్పలేదు. పేపర్ ఆఫీసు నుంచి ప్రతి మంగళవారం ఉత్తరాల కట్ట తెచ్చే బండి వెనకే వచ్చాడు. బండి అటు మలుపు తిరగగానే ఇటు గేటు తన్నాడు.

స్వర్ణలత సోఫా వెనక నిలబడి ఉంది. ఆమె మొగుడు రామచంద్రం భోజనాల బల్ల దగ్గర, కళ్లద్దాలు చేతిలో పట్టుకొని కొయ్యబారిపోయాడు.

ఆదివారం అనుబంధంలో వచ్చే 'అక్క మాట' శీర్షిక తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. మొగుడు కొట్టినా, అత్త తిట్టినా, ప్రేమించినవాడు ముఖం చాటేసినా ఆడవాళ్లు రాసుకునేది అరుణజ్యోతి అక్కకే. చైతన్యపురి హాస్టళ్లలో పిల్లలు ఆమె జవాబులను ఫోన్లో ఫోటో తీసి పంపుకుంటారు. బ్యూటీ పార్లర్లలో పైకి చదివి వాదులాడుకుంటారు. టీవీ కామెడీలో ఒక మగ నటుడు చీర కట్టుకొని ఆమెను అనుకరిస్తే జనం పడీ పడీ నవ్వుతారు.

ఆ నటుడికి తెలియని సంగతి ఒకటుంది. అరుణజ్యోతి అనే ఆడమనిషి ఎక్కడా లేదు. ఆ పేరుతో ఇన్నేళ్లుగా జవాబులు రాస్తున్నది రామచంద్రమే. ఇంట్లో స్వర్ణలతకు, ఆఫీసులో అనుబంధం చూసే విజయశ్రీకి తప్ప ఆ గుట్టు మరెవరికీ తెలియదు.

అభిరామ్‌కూ తెలియదు. అందుకే వాడు రామచంద్రం వంక చూడనే లేదు. స్వర్ణలతనే చూస్తున్నాడు. చూస్తూ, పేపర్లో వచ్చిన మాటలను బడిపిల్లాడిలా పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"గడప దాటు చెల్లీ. దొంగలా కాదు, తల ఎత్తుకొని, ఆయన ముఖం మీద చెప్పి దాటు. నీ వెనక నేనున్నాను." ఊపిరి తీసుకున్నాడు. "నా పెండ్లాం సంతోషి గట్లనే నా ముఖం మీద చెప్పింది. చెప్పి పోయింది. గా ముచ్చట రాసిందెవరు?"

స్వర్ణలత మొగుడి వైపు చూసింది. ఆయన పెదవులు తడుపుకున్నాడు. నోరు తెరిచాడు. మాట వస్తుందేమోనని ఆమె ఆగింది. రాలేదు. కిందటేడు గుండెకు స్టెంట్లు వేయించుకున్న మనిషి. ఆ రాడ్ ఒక్కటి తగిలితే చాలు, ఇక లేవడు.

"నేనే," అంది స్వర్ణలత.

ఎంత కోపం మీద ఉన్నా, తల్లి వయసున్న ఆడదాని మీద రాడ్ ఎత్తడనుకుంది. ఆడదాని మీద చెయ్యెత్తనివాడే అయితే సంతోషి ఆ ఉత్తరం రాసేదే కాదని ఆ క్షణాన తోచలేదు.

తలకు అడ్డం పెట్టుకున్న కుడి ముంజేయి మీద పడింది దెబ్బ. చప్పుడు ముందు వినబడింది, నొప్పి తర్వాత వచ్చింది. ఆమె ఇంకా కూలబడకముందే వాడు జుట్టు దొరకబుచ్చుకొని వాకిలి దాకా ఈడ్చాడు. ఇనుప జాలీ తలుపుకేసి తల కొట్టాడు. కంట్లోకి వెచ్చగా ఏదో దిగింది. తన రక్తమేనని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

పై అంతస్తు కోచింగ్ పిల్లలకు కిరాయికిచ్చిన హాస్టలు. చప్పుడుకు ఆడపిల్లలందరూ కేకలు వేస్తూ మెట్లు దిగారు. చేతికందిన చెప్పులు, చీపుర్లు విసిరారు. ఒకమ్మాయి ఫోనెత్తి వీడియో తీయడం మొదలుపెట్టింది. అది చూశాకే అభిరామ్ ఆమె జుట్టు వదిలాడు.

వంగి, చెవి దగ్గర, దాదాపు నెమ్మదిగా చెప్పాడు. "పంపినదానివి నువ్వే. తోల్కరావాల్సినదానివి నువ్వే. సంతోషి నా ఇంటికి రావాలె. లేకుంటే మల్లొస్తా. ఈసారి చెయ్యి కాదు, నెత్తి పగుల్తది."

వాడు వెళ్లిపోయాడు. నేల మీద పడి ఉన్న స్వర్ణలతకు సోఫా కింద నుంచి భోజనాల బల్ల కాళ్లు కనిపించాయి. వాటి పక్కన మొగుడి పాదాలు. అవి ఉన్నచోటు నుంచి కదల్లేదు.

*

కొత్తపేటలోని దవాఖానలో స్వర్ణలత విరిగిన చేతికి సిమెంటు పట్టీ వేశారు. నుదుటికి కుట్లు పడ్డాయి. మందుల చీటీ మీద డాక్టర్ రాత అర్థం కాక రామచంద్రం ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగింది.

వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ కుర్చీ చివర కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే మర్యాద కనిపించింది. తన భార్య ప్రతి ఆదివారం ముందు ఆ పేజీయే తీస్తుందనీ, మరదలి పెళ్లి కూడా అక్క మాట విన్నాకే ఖాయం చేశామనీ చెప్పుకొచ్చాడు.

"అరుణజ్యోతి అక్కంటే మీరేనన్నట్టు మేడం," అన్నాడు, పెన్ను తీసి. "గదే రాసుకుంటున్న."

రామచంద్రం కిటికీ దగ్గర ఉన్నాడు. ఇప్పుడు ఎదురుగా రాడ్ లేదు. అరిచేవాడు లేడు. ఉన్నదల్లా ఒక పోలీసాయన, ఒక తెల్ల కాగితం. స్వర్ణలత మొగుడినే చూస్తూ ఎదురుచూసింది. ఆయన తన చెప్పులకేసి చూసుకున్నాడు.

"రాసుకోండ్రి," అంది ఆమె, కళ్లు మూసుకొని.

సాయంత్రం విజయశ్రీ వచ్చింది. బెజవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, పనిలో దిట్ట. స్వర్ణలత చెయ్యి చూసి నిజంగానే కంటనీరు పెట్టుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకొని, రామచంద్రాన్ని వరండాలోకి పిలిచింది. తలుపు సందులోంచి వాళ్ల మాటలు స్వర్ణలతకు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. ఇన్నాళ్లూ ఆడవాళ్లు తమ ఒంటి సంగతులు, పడకింటి సంగతులు ఒక మగవాడికి రాసుకున్నారని తెలిస్తే ఊరుకోరని విజయశ్రీ అంటోంది. పేపరు పరువు మాట అంటోంది. రామచంద్రం నుంచి "అవును" తప్ప ఇంకోమాట లేదు.

విజయశ్రీ లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"స్వర్ణలత గారూ, ఇలా అడగడం నాకే బాగోలేదండీ. కానీ రేపు పేపర్లో మీ ఫొటో వేద్దామనుకుంటున్నాం. అరుణజ్యోతి మీద దాడి అని. ఆడవాళ్లంతా మీ వెంట నిలబడతారు. మీవారు ఒప్పుకున్నారు."

"గాయిన ఒప్పుకుంటడు," అంది స్వర్ణలత. "విరిగింది నా చెయ్యి కద."

విజయశ్రీ తల దించుకుంది. అయితే వద్దంటారా అని అడగలేదు. స్వర్ణలతకూ ఇక మాట్లాడే ఓపిక లేదు. నొప్పికిచ్చిన మందు ఎక్కి నిద్ర ముంచుకొస్తోంది. ఆమె కాదనకపోవడమే ఒప్పుకోలైంది.

*

తెల్లారి ఇంటికి తీసుకొచ్చేసరికి పేపరు సోఫా మీద ఉంది. మొదటి పేజీలో దవాఖాన మంచం మీద స్వర్ణలత. నిద్రలో ఉండగా తీసిన ఫొటో. కింద పేరు, సరూర్‌నగర్ అని ఊరు, ఆఖరికి కాలనీ పేరుతో సహా వేశారు. అభిరామ్ ఇంకా దొరకలేదని అక్కడే రాసి ఉంది. కాపలాకని వచ్చిన పోలీసాయన చాయ్ తాగి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

హాస్టల్ పిల్లలు క్లాసులకు పోయారు. రామచంద్రం పగిలిన అద్దం ఊడుస్తున్నాడు. చీపురు పట్టడం చేతకాక, ఉన్న ముక్కలనే అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"సంతోషి ఉత్తరం ఒచ్చిన దినం నన్ను అడిగినవు. యాదికున్నదా?" అంది స్వర్ణలత.

చీపురు ఆగింది.

అది ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అన్నం దగ్గర కూర్చొని, ఒకామెకు ఇట్లా అయిందట, నువ్వైతే ఏం చేస్తవని అడుగుతాడు. స్వర్ణలత ముద్ద నములుతూ ఏదో చెబుతుంది. ఆదివారం అదే మాట పట్టుచీర కట్టుకున్నట్టు పేపర్లో కనిపిస్తుంది. పెళ్లైన కొత్తలో అది చూసి మురిసిపోయేది. పోనుపోను చదవడం మానేసింది.

"అడిగినవా, లేదా?"

"అడిగిన."

"నేనేం చెప్పిన?"

ఆమే చెప్పింది, ఒక్కో మాటా విడదీసి. "యాడ పండుకుంటదో ముందుగాల చూసుకోమన్న. వాడు దుకాణానికి పోయినంక ఎల్లిపొమ్మన్న. ముఖం మీద చెప్పొద్దు, చెప్తే కొడ్తడన్న. గీ మూడు ముచ్చట్లల్ల ఒక్కటన్న పేపర్ల ఒచ్చిందా?"

"జాగ సరిపోలేదు స్వర్ణా. ఆ వారం నగల దుకాణపోళ్ల అడ్వర్టైజ్‌మెంట్ ఒచ్చింది. జవాబు సగానికి సగం తగ్గియ్యమన్నరు."

"సగం తగ్గియ్యమన్నరు. ఏ సగం తియ్యాల్నో చెప్పిండ్రా?"

ఆయన చీపురు గోడకు ఆనించాడు. జవాబు చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ చెప్పాడు, ఇన్నేళ్ల పనివాడి నిజాయితీతో చెప్పాడు. "తల ఎత్తుకొని దాటు అన్నది మంచిగ కుదిరింది. చదివేటోళ్లకు అదే యాదుంటది. యాడ పండుకోవాల్నో రాస్తే... గది చప్పగ ఉంటది."

స్వర్ణలత ఎడమ చేతికి దగ్గరగా స్టీలు చెంబు ఉంది. ఎత్తడం, విసరడం రెండూ ఒక్కసారే అయిపోయాయి. చెంబు ఆయన కనుబొమ మీద తగిలి, నేల మీద గింగిరాలు తిరిగింది. కళ్లద్దం పగిలింది. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతుంటే రామచంద్రం అట్లాగే కూర్చుండిపోయాడు.

కాపురంలో ఆమె చెయ్యెత్తడం అదే మొదలు. అయ్యో అనిపించలేదు. ఇంత సులువా అనిపించింది. ఆ సులువుకే ఒళ్లు జలదరించింది.

తువ్వాలు తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది. అప్పుడే జాలీ తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు నీడ కదిలింది.

*

సంతోషి పాతికేళ్లు దాటని పిల్ల. ముఖానికి దుపట్టా చుట్టుకొని వచ్చింది. తీయగానే స్వర్ణలత చూపు తిప్పుకుంది. పై పెదవి చీలి కుట్లు పడ్డాయి. ముందు పళ్లు రెండు లేవు. చెంప నల్లగా కమిలి కన్ను సగం మూసుకుపోయింది.

వాడు కొట్టిన రోజు నుంచీ మూసారాంబాగ్‌లో తెలిసినామె గదిలో దాక్కున్నానని చెప్పింది. అభిరామ్ దుకాణంలో కవర్లు కుట్టేది తానేనట. పొద్దున పేపర్లో ఫొటో చూసి, ఆ కాలనీ పేరు పట్టుకొని, ఇల్లిల్లూ అడుక్కుంటూ వచ్చిందట. చెబుతూ చెబుతూనే వంగి స్వర్ణలత కాళ్లు పట్టుకుంది.

"నా బదులు నీకు దెబ్బలు పడ్డయక్కా. ఇగ నాతోని కాదు. నువ్వు పొమ్మంటే వాని ఇంటికే మల్ల పోత. ఒద్దంటే ఆగుత. నువ్వేదంటే గది."

పళ్లు లేక మాట తడబడుతోంది. తల ఎత్తి చూస్తోంది. ఆ చూపులోని నమ్మకం స్వర్ణలత భరించలేకపోయింది. ఈ పిల్ల మళ్లీ ఒక మాటకోసమే వచ్చింది. ఈసారి చెప్పే మాటకు ప్రాణమే పోవచ్చు.

"లే బిడ్డా. నీకు గది రాసింది నేను కాదు." గడప దగ్గర తువ్వాలు నుదుటికి అదుముకొని నిలబడ్డ మొగుడి వైపు చూపించింది. "అగో. గాయిన రాసిండు."

సంతోషికి అర్థం కాలేదు. స్వర్ణలత మళ్లీ చెప్పవలసి వచ్చింది. అప్పుడు ఆ పిల్ల మెల్లగా లేచి రామచంద్రం ముందుకు పోయి నిలబడింది. కొడుతుందనుకుంది స్వర్ణలత. కొడితే ఆపకూడదనుకుంది.

"నీ ఎనక నేనున్న అని రాసింది నువ్వేనా?"

రామచంద్రం తల ఊపాడు.

"వాడు కొట్టేటప్పుడు గదే అనుకున్న," అంది సంతోషి. గొంతులో కోపం కూడా లేదు. "గోడకేసి కొడ్తుంటే, ఎనక ఎవరో ఉన్నరు, ఒస్తరు అనుకున్న."

ఆయన ఏదో అనబోయాడు. తప్పయిందమ్మా అన్నట్టు పెదవులు కదిలాయి. ఆ మాట బయటికి రాకముందే వీధిలో గేటు ఊడిపోతుందా అన్నంత చప్పుడైంది.

ముగ్గురికీ ఆ చప్పుడు ఎవరిదో చెప్పక్కర్లేదు.

స్వర్ణలత సంతోషి రెక్క పట్టుకొని పక్క తలుపులోంచి బయటి మెట్ల వైపు నెట్టింది. "మీదికి పో. లోపల గడియ పెట్టుకో." పైన పిల్లలెవరూ లేరనీ, హాస్టల్ తలుపుకు తాళం ఉందనీ, ఆ తాళంచెవి తన కొంగుకే ఉందనీ ఆమెకు తర్వాత గాని గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేసరికి రామచంద్రం ఇంట్లో లేడు. వాకిట్లో ఉన్నాడు. గేటు దూకిన అభిరామ్‌కు ఎదురుగా, అద్దాలు లేని కళ్లు చికిలించుకొని నిలబడి ఉన్నాడు.

"నువ్వు ఎతుకుతున్న అరుణజ్యోతిని నేనే," అంటున్నాడు. "గా జవాబు నేనే రాసిన. ఆమెకేం సంబంధం లేదు. కొడ్తే నన్ను కొట్టు."

అభిరామ్ ఒక్కక్షణం ఆగాడు. తర్వాత నవ్వాడు. "పెండ్లాన్ని కాపాడనీకి చీర కట్టుకుంటవా ముసలోడా. జరుగు పక్కకు. సంతోషి ఈడికొచ్చుడు నేను చూసిన."

ఇన్నేళ్లు దాచిన నిజం, తీరా బయటపెడితే ఎవరూ నమ్మలేదు. రామచంద్రం ముఖంలో ఒక విచిత్రమైన దిగ్భ్రమ కనిపించింది. ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి గొంతు పెంచి. అభిరామ్ ఛాతీ మీద తన్నాడు.

రామచంద్రం వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే దొర్లి వాడి కాలు రెండు చేతులా చుట్టేసుకున్నాడు. వీపు మీద రాడ్ పడింది. వదల్లేదు. మళ్లీ పడింది. ఆయన పిక్కను పళ్లతో పట్టుకున్నాడు. అభిరామ్ కేక పెట్టి కొక్కెం వైపు తిప్పి భుజంలో దిగేసి లాగాడు. చొక్కాతో పాటు మాంసం చీలింది.

స్వర్ణలతకు తాను ఎప్పుడు మెట్టు దిగిందో తెలియదు. వెనక నుంచి వాడి కాలరు ఎడమ చేత్తో పట్టి లాగింది. వాడు మోచేత్తో పొడిచాడు. పట్టీ వేసిన చెయ్యి గోడకు తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. మళ్లీ చూపు ఆనేసరికి వాడు ఆమెకు ఎదురుగా తిరిగి ఉన్నాడు. రాడ్ రెండు చేతులతో తల పైకెత్తాడు.

అది కిందికి దిగలేదు.

గుమ్మడికాయ నేలకేసి కొట్టినట్టు ఒక చప్పుడైంది. అభిరామ్ ముఖంలో ఆశ్చర్యం లాంటిదేదో కనిపించింది. మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. వాడి వెనక సంతోషి ఉంది. పైన తాళం చూసి మెట్లు దిగి వచ్చింది. మెట్ల కింద కారం దంచే రోకలి ఆమె చేతుల్లో ఉంది. ఇంకోసారి కొట్టింది. వాడు బోర్లా పడ్డాడు. పడ్డాక కూడా కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో స్వర్ణలత చూడలేదు. రామచంద్రం మూలుగు వినబడి అటు పాకింది.

చప్పుడు ఆగాక తల తిప్పింది. బండలు కడగడానికి పెట్టిన వాలు వెంట రక్తం గేటు వైపు పారుతోంది. అభిరామ్ చెయ్యి ఒకటి ఒంటి కింద మడతపడి ఉంది. ఊపిరి ఆడుతోందో లేదో తెలియలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. గల్లీ చివర నుంచి ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. చాయ్ తాగి పోయిన పోలీసాయన ఈల కూడా వినిపించింది.

స్వర్ణలత లేచి నిలబడింది. రాష్ట్రమంతటికీ ఇప్పుడు ఆమే అరుణజ్యోతి. నిన్న వీడు ఆమె చెయ్యి విరిచిన సంగతి స్టేషన్‌లో రాసి ఉంది, వీడియోలో ఉంది, పొద్దుటి పేపర్లో ఉంది. ప్రాణం దక్కించుకోవడానికి కొట్టిందంటే ఎవరైనా నమ్ముతారు. ఈ పిల్ల మాట ఎవరు నమ్ముతారు? విడిచిపోయిన పెళ్లాం, వెనక నుంచి కొట్టింది.

ఎడమ చెయ్యి చాచింది.

"రోకలి ఇట్లియ్యి."

సంతోషి చేతిలోని రోకలి వంక చూసుకుంది.

"జల్ది ఇయ్యి బిడ్డా. కొట్టింది నేనని చెప్త. నువ్వు ఎనక దర్వాజ నుంచి ఎల్లిపో. నా మాట విను."

సంతోషి ఆమె ముఖంలోకి చూసింది. వాకిట్లో పడి ఉన్న ఇద్దరు మగవాళ్లనూ చూసింది. ఆ తర్వాత రోకలిని రెండు చేతులా గుండెలకు అదుముకుంది.

"ఇయ్యను," అంది.

గేటు బయట జనం మూగారు. గొళ్లెం తీస్తున్న చప్పుడైంది.